పది నెలల కట్టడము, నూరేళ్ల కాపుదల



బంగళా అనే మాట మనకు కొత్త కాదు. మిషను బంగళా, దొరగారి బంగళా, ట్రావెలర్సు బంగళా అని మన పెద్దలు చెప్పగా విన్నాము. కప్పు మీద పరిచే ఎర్ర పెంకులకు సైతము మన జిల్లాలలో బంగళా పెంకులు అనే పేరు నిలిచిపోయినది. ఈ మాట పుట్టినది బెంగాలులో. బంగ్లా అనగా బెంగాలు వారి తరహా ఇల్లు. వాలుగా దిగిన కప్పు, ముందు నీడనిచ్చే వసారా ఉన్న ఆ ఇంటిని ఈస్టిండియా కంపెనీ వారు చూచి, ఆ నమూనాలో తమకు ఇళ్లు కట్టించుకొని, ఆ పేరును ఇంగ్లండుకు తీసుకొనిపోయారు. అక్కడ నుండి అది సముద్రము దాటి అమెరికా చేరినది. 20వ శతాబ్దపు ఆరంభములో కాలిఫోర్నియా రాష్ట్రములో మధ్యతరగతి వారు కట్టుకొన్న వేలాది చిన్న ఇళ్లకు బంగలో అనే పేరే వచ్చినది.

అట్టి ఇళ్లన్నిటిలో పేరెన్నికగన్నది ఒకటి ఆ రాష్ట్రములోని పాసడీనా పట్టణములో ఉన్నది. దానిని గాంబుల్ గృహము అంటారు. దానిని కట్టుటకు పట్టినది పది నెలలు. దానిని కాపాడు పని మాత్రము నూరేళ్లు దాటినా ఇంకను ముగియలేదు. పాత బంగళాలు, పాత కట్టడములు చేతిలో ఉన్న మన సంఘములకు, కుటుంబములకు ఈ ఇంటి చరిత్ర పనికివచ్చునని తలచి దీనిని మీ ముందు ఉంచుతున్నాము.

చేతిపనివాని పేరుతో ఒక శైలి

ఈ తరహా ఇళ్లను అమెరికాలో క్రాఫ్ట్స్‌మన్ ఇళ్లు అంటారు. క్రాఫ్ట్స్‌మన్ అనగా చేతిపనివాడు. రాజు పేరు కాక, దేశము పేరు కాక, పనివాని పేరు ఒక గృహశైలికి రావడము విశేషమే గదా!

దీనికి మూలము ఇంగ్లండులో ఉన్నది. 19వ శతాబ్దములో యంత్రములు వచ్చి, కుర్చీ మొదలు కర్టెను వరకు అన్నియు ఫ్యాక్టరీలలో తయారగుట మొదలైనది. సరుకు చవక అయినది గాని పనివాడు తన చేతిలో రూపు దిద్దుకొనే వస్తువును చూచి సంతోషించే భాగ్యమును పోగొట్టుకొన్నాడు. ఈ సంగతిని జాన్ రస్కిన్ (1819–1900) తన రచనలలో గట్టిగా ఎత్తి చూపించాడు. విలియం మారిస్ (1834–1896) స్వయముగా మగ్గము మీద, అచ్చు బల్ల మీద పని నేర్చుకొని, చేతిపనికి మరల గౌరవము తేవలెనని పాటుపడ్డాడు. దానిని ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమము అన్నారు.

అమెరికాలో ఆ భావములను సామాన్యుల ఇళ్లలోనికి తెచ్చినవాడు గుస్తావ్ స్టిక్లీ. ఆయన బల్లలు, కుర్చీలు చేయించి అమ్మే వ్యాపారి. 1901 నుండి 1916 వరకు 'ది క్రాఫ్ట్స్‌మన్' అనే మాసపత్రికను నడిపాడు. అందులో ఇళ్ల ప్లానులు అచ్చువేసేవాడు. ఆ పత్రిక పేరే ఆ ఇళ్లకు స్థిరపడినది.

ఈ ఇంటిని గుర్తుపట్టడము కష్టము కాదు. కప్పు వాలు తక్కువ. చూరు గోడను దాటి చాలా ముందుకు వచ్చి ఉంటుంది. చూరు కింద వాసముల కొనలు పలకలతో మూయబడక బయటికే కనబడతాయి. ముందు వెడల్పైన వసారా. లోపల గోడలోనే అమర్చిన బీరువాలు, పుస్తకాల అరలు, కూర్చునే బల్లలు. కర్రకు రంగు పూయరు. దాని చార, దాని చేవ కనబడునట్లు నూనె పట్టించి విడిచిపెడతారు. ఇంటి మధ్య చలిమంట వేసుకొనే పొయ్యి, దాని చుట్టూ కుటుంబమంతా కూర్చునే చోటు. ఏది దేనిని మోయుచున్నదో దాచకుండా చూపించడమే ఈ శైలి స్వభావము. దూలము దూలముగా, అతుకు అతుకుగా కనబడవలెను.

ఉలి పట్టి నేర్చుకొన్న అన్నదమ్ములు

గాంబుల్ గృహమునకు రూపమిచ్చినవారు ఇద్దరు అన్నదమ్ములు. అన్న చార్లెస్ సమ్నర్ గ్రీన్ (1868–1957), తమ్ముడు హెన్రీ మేథర్ గ్రీన్ (1870–1954). వీరు ఒహాయో రాష్ట్రములో పుట్టి, సెయింట్ లూయిస్ పట్టణములో పెరిగారు. అక్కడ వాషింగ్టన్ విశ్వవిద్యాలయము వారి మాన్యువల్ ట్రైనింగ్ స్కూలులో చదివారు. ఆ బడిలో పుస్తకపు చదువుతో పాటు వడ్రంగము, కమ్మరము, యంత్రపు పని కూడ నేర్పేవారు. ఆ మీదట బోస్టన్‌లో ఎం.ఐ.టి. విద్యాలయములో వాస్తుశిల్పము చదివి, 1893లో తలిదండ్రులు కాపురమున్న పాసడీనా వచ్చి స్థిరపడ్డారు.

ఆ ఏడు షికాగోలో గొప్ప ప్రపంచ ప్రదర్శన జరిగినది. అందులో జపాను ప్రభుత్వము తన దేశపు కర్ర మందిరము నమూనాను నిలిపినది. జపాను కట్టడపు పద్ధతి ఈ అన్నదమ్ముల పనిలో తరువాత స్పష్టముగా కనబడుతుంది. బయటికి సాగిన చూరులు, లాంతర్ల ఆకారము అక్కడివే. అయితే వారు అనుకరించి ఊరుకోలేదు. కాలిఫోర్నియా ఎండకు, అక్కడి కొండవాగు రాళ్లకు, అక్కడి కుటుంబముల అలవాట్లకు తగినట్లు వాటిని మార్చుకొన్నారు.

పని చేసిన చేతులు మరొక జంట అన్నదమ్ములవి. పీటర్ హాల్, జాన్ హాల్ అనే ఈ ఇద్దరు స్వీడను దేశములో పుట్టినవారు. పీటర్ కట్టడపు కాంట్రాక్టరు. జాన్ ఇంటిలోని నగిషీ కర్రపని, సామాను చూచాడు. గీసినవారు చేతిపని ఎరిగినవారు. చేసినవారు గీత చదవగలిగినవారు. ఈ ఇద్దరి నడుమ ఎడము లేకపోవడమే ఆ ఇంటి రహస్యమని మాకు తోచుచున్నది.

సబ్బుల వారి ఇల్లు

ఇల్లు కట్టించుకొన్నవారు డేవిడ్ బెర్రీ గాంబుల్, ఆయన భార్య మేరీ. ఏరియల్, టైడ్ పొడుల వల్ల మన ఇల్లాండ్రకు కూడ తెలిసిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ సిన్సినాటి పట్టణములో 1837లో స్థాపించబడినది. డేవిడ్ ఆ స్థాపకులలో ఒకరి కుమారుడు. ఆయన 1895లోనే వ్యాపారపు బాధ్యతల నుండి విరమించుకొన్నాడు. సిన్సినాటి చలికి దూరముగా పాసడీనాలో ఉండుటకు నిశ్చయించి, అరోయో సెకో అనే వాగు లోయకు ఎదురుగా స్థలము కొన్నారు.

1908 మార్చిలో పునాది తవ్వకము ఆరంభమైనది. పని జరుగుచుండగా కుటుంబము ఆసియా ప్రయాణమునకు వెళ్లినది. ఆ ప్రయాణములో చైనాను చూచిన కుమారుడు సిడ్నీ తరువాత వై.ఎం.సి.ఎ. వారితో కలిసి ఆ దేశములో పనిచేసి, పెకింగ్ నగర ప్రజల జీవితమును గూర్చి 1921లో పెద్ద గ్రంథము ప్రచురించాడు. పది నెలలకు ఇల్లు సిద్ధమైనది. ఆ ఇంటి కోసమే గీసి చేయించిన బల్లలు, కుర్చీలు, మంచములు 1910 వేసవి నాటికి అన్నీ చేరాయి.

ఇల్లు సుమారు 8,100 చదరపు అడుగులు. బయటి గోడల మీద రెడ్‌వుడ్ కర్ర చెక్కలను పెంకుల వలె ఒకదాని మీద ఒకటి పరచి, ఆకుపచ్చ ఛాయ పట్టించారు. అందుచేత ఇల్లు చెట్ల మధ్య చెట్టు వలె కలిసిపోతుంది. ముఖద్వారమునకు రంగుటద్దముల ముక్కలతో విశాలమైన ఓక్ చెట్టును కూర్చారు. బయటి వెలుగు పడినప్పుడు కొమ్మలు ద్వారబంధములన్నిటి మీదుగా పాకినట్లు బంగారు ఛాయలో మెరుస్తాయి.

ఆ ద్వారము దాటి లోనికి అడుగుపెట్టగా కనబడే హాలంతా బర్మా టేకుతో కట్టినది. టేకు అనే మాటకు మన దక్షిణ దేశపు భాషలే పుట్టినిల్లు. పోర్చుగీసు వారి నోట తెకా అయి, ఇంగ్లీషులోనికి టీక్ అయి వెళ్లినది. మన తాతలు బర్మా నుండి తెప్పించి ద్వారబంధములకు వాడిన కర్ర అక్కడ మెట్లకు, దూలములకు, తలుపులకు వాడబడినది. భోజనపు గదికి మహాగని, వంటగదికి మేపుల్, ఇతర గదులకు దేవదారు జాతి కర్ర వాడారు.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. ఆ కాలములో ధనికుల వంటగదిలోనికి యజమానులు సామాన్యముగా వచ్చేవారు కారు. అది పనివారి చోటు. అయినను గాంబుల్ గృహపు వంటగదిలో బల్లల అంచులు, అరల అతుకులు, తలుపుల పట్టులు హాలులో వలెనే శ్రద్ధతో చేయబడ్డాయి. ఎవరు చూతురు అని విడిచిపెట్టిన మూల ఆ ఇంట కనబడదు.

మేడ మీద పడకగదులకు ఆనుకొని మూడు విశాలమైన ఆరుబయటి వసారాలు ఉన్నాయి. రాత్రివేళ చల్లగాలిలో నిద్రించుట ఆరోగ్యమని ఆ రోజులలో అమెరికా వైద్యులు చెప్పేవారు. వేసవిలో డాబా మీద మంచాలు వేసుకొనే మనకు దాని సుఖము వేరుగా చెప్పనక్కరలేదు!

అతుకులోని తెలివి

కర్ర చచ్చిన వస్తువు కాదు. వానకాలములో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకాలములో ముడుచుకొంటుంది. పలకను అటు ఇటు మేకులతో బిగించివేస్తే అది కదలలేక పగులుతుంది. మన ఇళ్లలో తలుపు పలకలు నిలువుగా చీలిపోవుటకు కారణము ఇదే.

గ్రీన్ సోదరులు, హాల్ సోదరులు దీనికి చేసిన ఉపాయము చూడండి. మరమేకు దిగే రంధ్రమును గుండ్రముగా గాక పొడుగుగా తొలిచారు. కర్ర ఉబ్బినప్పుడు ఆ పొడుగు రంధ్రములో మరమేకు జరుగుతుంది గాని పలక చీలదు. ఆ రంధ్రము కనబడకుండా ఎబొని అనే నల్లని గట్టి కర్రతో చేసిన చిన్న చదరపు బిళ్లను పైన అమర్చారు. చూచేవారికి అది అలంకారము. నిజానికి చాలా చోట్ల దాని వెనుక కట్టడపు పని దాగి ఉన్నది. పెద్ద దూలములను జత చేసిన చోట ఇనుప పట్టీ వేసి, దానిని మేకుతో గాక చీలలతో బిగించారు. కర్ర ఎండి వదులైతే చీలను కొంచెము దిగగొట్టవచ్చును.

మరియు కర్రకు పదునైన అంచు ఎక్కడను లేదు. ప్రతి అంచును అరగదీసి నున్నగా గుండ్రపరచారు. ఆ ఇంటి మెట్ల కటకటాల మీద చేయి ఆనించిన పిల్లవానికి ముల్లు గుచ్చుకోదు.

తెల్ల రంగు మాట

డేవిడ్ 1923లో, మేరీ 1929లో కాలము చేశారు. మేరీ చెల్లెలు జూలియా 1943 వరకు ఆ ఇంటనే ఉన్నది. అప్పటికి ఫ్యాషను మారిపోయినది. గ్రీన్ సోదరుల పేరు జనము మరచిపోయారు. చార్లెస్ 1916లోనే కార్మెల్ అనే ఊరికి వెళ్లిపోయాడు. 1922లో వారి సంస్థ మూతపడినది. నల్లబడిన టేకు, చీకటి గదులు ఎవరికీ నచ్చని రోజులవి. తెల్లని గోడలు, పెద్ద అద్దాల కిటికీలు అందరికీ కావలెను.

1946లో పెద్ద కుమారుడు సెసిల్, ఆయన భార్య లూయీస్ ఆ ఇంటికి వచ్చారు. ఒక దశలో అమ్మివేయుదమని వారు ఆలోచించారట. చూడవచ్చిన వారు ఇల్లంతా తిరిగి, ఈ కర్రంతటికీ తెల్ల రంగు వేస్తే వెలుగుగా ఉంటుందని అనుకొనడము ఆ దంపతుల చెవిని పడినది. అంతే, అమ్మకము మాట ఆగిపోయినది. ఇప్పటికీ ఆ ఇంటి చరిత్ర చెప్పేవారు ఈ సంగతి తప్పక చెబుతారు.

ఒక్క కోటు రంగు! ఆ రంగు పడి ఉంటే గోడ కూలేది కాదు, కప్పు పడేది కాదు. గాని ఆ ఇల్లు ఆ ఇల్లుగా మిగిలేది కాదు. పాత కట్టడములు అన్నిసార్లు గునపముతోనే పోవు. చాలాసార్లు మంచి ఉద్దేశముతో చేసిన బాగుచేతతో పోతాయి.

కాలము తిరిగినది. 1952లో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ వృద్ధులైన ఆ అన్నదమ్ములను గౌరవించినది. 1966లో గాంబుల్ కుటుంబము ఆ ఇంటిని దాని కోసము చేయించిన సామానుతో సహా పాసడీనా నగరమునకు దానము చేసినది. నిర్వహణలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వాస్తుశిల్ప విభాగము భాగము పంచుకొన్నది. 1977లో దేశ ప్రభుత్వము దానిని జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించినది. ఆ తరువాత దశాబ్దముల పాటు ఏటా ఇద్దరు వాస్తుశిల్ప విద్యార్థులు ఆ ఇంటిలోనే కాపురముంటూ చదువుకొనే ఏర్పాటు జరిగినది. రాత్రి ఎక్కడ నీరు కారుచున్నదో, ఏ తలుపు పట్టుచున్నదో ఇంటిలో నిద్రించేవారికే గదా తెలిసేది!

విప్పబడిన ఇంటి కథ

అదే పట్టణములో అదే అన్నదమ్ములు 1907లో రూపమిచ్చిన మరొక ఇల్లు ఉన్నది. దానిని బ్లాకర్ గృహము అంటారు. పనితనములో గాంబుల్ గృహమునకు ఏ మాత్రము తీసిపోదు. కాని దాని దారి వేరైనది.

యజమానురాలు గతించిన తరువాత, 1947లో దాని సామానును ఇంటి ముందు పరచి అమ్మివేశారు. 1985లో ఇంటిని కొన్న ఒక టెక్సాస్ వ్యక్తి గోడకు, కప్పుకు ఉన్న లాంతర్లను, రంగుటద్దముల తలుపు పలకలను విప్పించి తీసుకొనిపోయాడు. చట్టప్రకారము తన ఇల్లు తనది. అడ్డుచెప్పే నియమము ఆనాడు లేదు. ఇల్లంతటి ధర కంటె దాని దీపములకు విడివిడిగా ఎక్కువ వెల పలికే రోజులు వచ్చాయి. పట్టణపు జనము బహుగా నొచ్చుకొన్నారు. నగర సభ వెంటనే నియమము చేసి, ఇట్టి ఇళ్ల అమరికలను పరిశీలన లేకుండా విప్పరాదని కట్టుదిట్టము చేసినది. కాని పోయినవి పోయాయి. 1994లో కొనుక్కొన్న కొత్త యజమానులు అనేక సంవత్సరములు శ్రమపడి, పాత వాటిని చూచి కొలిచి, వాటి వంటి లాంతర్లను మరల చేయించి ఇంటికి కళ తెచ్చారు.

ఒకే చేతులు కట్టిన రెండు ఇళ్లు. ఒకదానిని దాని సామానుతో కలిపి ఒక్కటిగా ఎంచారు గనుక అది నిలిచినది. రెండవదానిని విడి వస్తువుల మూటగా ఎంచారు గనుక అది చెదిరినది.

పెద్ద ఇళ్లే కాపాడదగినవని అనుకొనరాదు. పాసడీనాలోనే సామాన్యులు కట్టుకొన్న చిన్న చిన్న క్రాఫ్ట్స్‌మన్ ఇళ్ల పేట ఒకటి ఉన్నది. పాత ఇళ్లను పడగొట్టి అపార్టుమెంట్లు లేపుట మొదలు కాగా ఇరుగుపొరుగువారు ఏకమై నగరమును అడిగారు. 1989లో ఆ పేట పట్టణపు మొదటి రక్షిత వాడ అయినది. బంగలో హెవెన్ అని దాని పేరు. అక్కడ మ్యూజియము లేదు. జనము కాపురములు చేసుకొంటున్నారు.

ఎండ, వాన, నిప్పు

దానపత్రము వ్రాసినంత మాత్రాన ఇల్లు నిలవదు. గాంబుల్ గృహపు అందమంతా చూరు దాటి ముందుకు చాచిన వాసముల కొనలలో ఉన్నది. దాని బలహీనత కూడ అక్కడే ఉన్నది. కర్ర కోసిన కొన స్పంజి వలె నీరు పీలుస్తుంది. తొంభై ఏళ్ల ఎండకు, వానకు ఆ కొనలు పుచ్చాయి. గోడ చెక్కలు అరిగాయి.

2003, 2004 సంవత్సరములలో సుమారు 35 లక్షల డాలర్ల ఖర్చుతో ఇంటి బయటి భాగమును బాగుచేశారు. ఈ పనిలో పాటించిన సూత్రము మనము నేర్చుకొనవలసినది. పుచ్చిన వాసమును పెరికి కొత్తది వేయుట సులువు. కాని అప్పుడు 1908 నాటి పనివాని చేయి పోతుంది. కనుక పుచ్చినంత మేరకే తీసి, మిగిలిన కర్రకు ఎపాక్సీ జిగురు పదార్థము ఎక్కించి గట్టిపరచి, పాతదానిని సాధ్యమైనంత నిలబెట్టారు. డాక్టరు వేలు చెడితే చేయి కోయడు గదా, ఆలాగుననే.

మనుష్యుని జాగ్రత్తకు మించిన అపాయములు కూడ ఉన్నాయి. 2025 జనవరి 7న పాసడీనా పక్కనున్న కొండ దిగువన పుట్టిన ఈటన్ అగ్ని పొరుగూరైన ఆల్టడీనాను కాల్చివేసినది. ప్రాణనష్టము జరిగినది. 9,000కు పైగా కట్టడములు పోయాయి. వాటిలో ఎన్నో క్రాఫ్ట్స్‌మన్ బంగలోలు. గాంబుల్ గృహము ఆ నిప్పు నుండి తప్పించుకొన్నది.

కాలిన వీధులలో ఇళ్లు పోయినను ఇటుక పొగగొట్టములు మాత్రము అప్పుడు నిలిచి ఉండెను. వాటి అడుగున చలిమంట పొయ్యికి అతికించిన పాత మట్టి పలకలు మిగిలాయి. 1910 ప్రాంతములో పాసడీనాలో తన పెరటిలోనే కొలిమి పెట్టి పలకలు చేసిన ఎర్నెస్ట్ బాచెల్డర్ పనితనము వాటిలో అనేకము. నిప్పులో కాలి పుట్టిన వస్తువు గనుక నిప్పును ఓర్చుకొన్నది. బుల్‌డోజర్లు వచ్చి శిథిలములను ఎత్తకముందే స్వచ్ఛందముగా కొందరు, వారితో తాపీ పనివారు, వీధివీధీ తిరిగి, ఒక్కొక్క పలకను ఉలితో ఊడదీసి, కట్టగట్టి, ఏ ఇంటివి ఆ ఇంటివారికి అప్పగించుటకు భద్రపరచారు. అంతా పోగొట్టుకొన్న కుటుంబమునకు తమ పొయ్యి పలకలు చేతికి అందుట చిన్న సంగతి కాదు.

మన చేతిలోని బంగళాలు

పాఠకులారా, ఇది పరదేశపు ధనవంతుల ముచ్చటగా విడిచిపెట్టవలసినది కాదు. మన రెండు తెలుగు రాష్ట్రములలో నూరేళ్లు పైబడిన మిషను బంగళాలు, పాస్టరేట్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు ఎన్ని లేవు? బర్మా టేకు తలుపులు, మందమైన సున్నపు గోడలు, ఎత్తైన పైకప్పు, నాలుగు వైపుల వసారా. ఎండను ఎరిగి కట్టిన ఇళ్లవి.

మేము పరిచర్య చేసిన ఒక ఊరిలో అట్టి బంగళా ఒకటి ఉండెను. వాన కారుచున్నదని కమిటీ కూర్చున్నది. ఒక పెద్దాయన, "అయ్యగారూ, ఈ పాత కొంపకు ఇంత ఖర్చు ఎందుకండీ? తలుపులు అమ్మితే స్లాబు వేసుకోవచ్చు" అన్నారు. ఆ మాట నెగ్గినది. పాత కలప వ్యాపారి లారీ తెచ్చి, ఒక్క రోజులో పదునాలుగు జతల టేకు తలుపులు ద్వారబంధములతో సహా ఎత్తుకొనిపోయాడు. ఆ డబ్బు స్లాబు సగములోనే అయిపోయినది. తలుపులు లేని బంగళా మూడు వానాకాలములకు కూలినది. ఆ తలుపులు పట్నములో ఏదో హోటలుకు అలంకారమైనవని తరువాత విన్నాము. కొన్నవాడు వాటి విలువ ఎరిగినవాడే.

కనుక అట్టి కట్టడము చేతిలో ఉన్నవారికి ఈ క్రింది సంగతులు మనవి చేస్తున్నాము.

1. ముందు కప్పు చూడండి. నూటికి తొంభై పాళ్లు చేటు నీటితోనే వస్తుంది. పగిలిన పెంకు మార్చడానికి వందలు అవుతాయి. ఆ పెంకు కింద పుచ్చిన దూలము మార్చడానికి లక్షలు అవుతాయి.

2. గోడలో మొలిచిన రావి మొక్కను వేలెడు ఉండగానే వేరుతో సహా తీయించండి. చెట్టయ్యాక గోడే తీయవలసివస్తుంది.

3. సున్నపు గోడకు సిమెంటు పూత పూయకండి. సున్నము తేమను లోపలికి తీసుకొని మరల బయటికి విడుస్తుంది. సిమెంటు ఆ తేమను లోపలనే బంధిస్తుంది. పూత బుడగలెత్తి, లోపలి ఇటుక పిండి అవుతుంది. సున్నముతో కట్టినదానికి సున్నముతోనే మరమ్మతు.

4. టేకుకు ఎనామిలు రంగు తరువాత తరువాత వేయుట మాని, కడిగి, ఎండనిచ్చి, నూనె పట్టించండి. చెదల కోసము నేలకు ఆనిన కర్రను ఏటా తట్టి చూడండి.

5. చెడినంత మేరకే మార్చండి. తలుపు అడుగున జానెడు పుచ్చితే ఆ జానెడే అతుకు వేయించండి. మంచి వడ్రంగి ఉన్న ఊరిలో ఇది పెద్ద పని కాదు.

6. తలుపులు, దీపములు, బల్లలు, గంట మొదలైనవాటి ఫొటోలు తీసి, జాబితా వ్రాసి, కమిటీ మినిట్సులో చేర్చండి. జాబితాలో లేని వస్తువు పోయినట్లు కూడ ఎవరికీ తెలియదు.

7. ఇల్లు ఖాళీగా ఉంచకండి. పుస్తకశాల అయినా, పిల్లల ట్యూషను అయినా, కుట్టుపని తరగతి అయినా నడపండి. మనుష్యులు మసలని ఇంటిలో మొదట చెద, తరువాత దొంగ కాపురముంటాయి.

8. పెద్ద మరమ్మతుకు ముందు తెలిసినవారిని అడగండి. 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థకు మన నగరములలో శాఖలు ఉన్నాయి. పాత కట్టడముల సంగతి ఎరిగినవారు అందులో ఉంటారు.

ప్రతి పాత గోడను నిలపవలెనని మేము చెప్పుట లేదు. కొన్ని కట్టడములు ప్రాణాపాయముగా ఉంటాయి. అట్టివి దింపవలసినదే. కాని "పాతది గనుక" అనేది కారణము కాదు. డబ్బు లేదు అనేది కొంతవరకే నిజము. పండుగ షామియానాకు, ఫ్లెక్సీలకు ఒక్క ఏడు పెట్టిన ఖర్చుతో ఎన్నో కప్పులు కారకుండ ఆగుతాయి.

గాంబుల్ గృహము నిలుచుటకు వెనుక ఎవరో ఒక మహానుభావుడు లేడు. అంచును నున్నగా అరగదీసిన వడ్రంగి ఉన్నాడు. తెల్ల రంగు వద్దనుకొన్న దంపతులు ఉన్నారు. దానపత్రము మీద సంతకము చేసిన వారసులు, రాత్రి నీటి చుక్క చప్పుడు విని లేచిన విద్యార్థులు, పుచ్చిన కొనకు జిగురు ఎక్కించిన పనివారు ఉన్నారు. ఎవరి వంతు వారు చేశారు. ఎవరి వంతూ అంత పెద్దది కాదు.

మన వంతు కూడ అంతే. ఈ వానాకాలము రాకముందే ఒక నిచ్చెన తెప్పించి, బంగళా చూరు కిందికి ఎక్కి, వాసముల కొనలను చేత్తో తట్టి చూడండి. బోలుగా మోగినది ఏదో గుర్తు పెట్టండి. రేపటికి వడ్రంగికి కబురు పంపండి.